కిలో 208 రూపాయలు ఎవరికండీ? పొడులు ఎగుమతి చెయ్యాలా, ఇక్కడే అమ్మాలా

మొన్న అత్తిలి నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఫోను చూపించి, "అన్నయ్యా, మన దేశం నుంచి మిరప ఎగుమతి సగటు కిలో 208 రూపాయలంట, గుంటూరులో కాయ 120కి దొరుకుతోంది, ఆడించి పంపేస్తే కిలోకి 80 పైనే మిగులుద్ది, నువ్వింకా తణుకు కొట్లకి పొడి వేసుకుంటా కూర్చున్నావేంటి?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆరేళ్ళ కిందట నేనూ ఇలాంటి లెక్కే ఒకటి కాగితం మీద వేసుకుని, మూడు టన్నుల పొడి ఆడించి, చేతులు కాల్చుకున్నవాణ్ణే. కారం మిల్లు వాడికి చేతులు కాలడం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

వాడికి రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మన వైపు పిండిమరలు, కారం మిల్లులు ఉన్నవాళ్ళు, కువైట్‌లోనో దుబాయ్‌లోనో చుట్టాలున్నారు కదా అక్కడికి పంపిద్దామని చూస్తున్నవాళ్ళు, పచ్చళ్ళ వ్యాపారం నుంచి పొడుల్లోకి వద్దామనుకునే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుంది.

ముందు ఆ 208 సంగతి. అది 2023-24 లెక్క. ఆ ఏడాది మన దేశం నుంచి సుమారు 6.01 లక్షల టన్నుల మిరప వెళ్ళింది, విలువ సుమారు 12,492 కోట్లు. భాగిస్తే కిలోకి 208 దగ్గర వస్తుంది, లెక్కలో తప్పేం లేదు. కానీ 2023లో గుంటూరు యార్డులో తేజ రకం మిరప క్వింటా 20 వేలు దాటి పలికింది. అంటే ఆ 208 కాయే 200 ఉన్న రోజుల నాటి ధర. మావాడు చెప్పిన 120 రూపాయలు రేటు పడిపోయాక వచ్చినది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 అని ధర కట్టాల్సి వచ్చింది గుర్తుందా, ఆ పతనం తర్వాతది. పాత ఏడాది అమ్మకం ధరలోంచి కొత్త ఏడాది కొనుగోలు ధర తీసేస్తే ఎవరికైనా లాభమే కనపడుతుంది. పసుపు పట్టికతో కూడా ఇదే తమాషా, కాకపోతే తిరగేసి. 2023-24లో పసుపు 1.62 లక్షల టన్నులు, 22.65 కోట్ల డాలర్లు, అంటే కిలో 1.40 డాలర్లు, మన డబ్బుల్లో 115 దాకా. అదే ఏడాది మొదట్లో క్వింటా 7 వేల చుట్టూ ఉన్న పసుపు ఏడాది తిరిగేసరికి రెండింతలు దాటిపోయింది. అలాంటప్పుడు 115 అనేది ఏ నెలలో ఎవరు అమ్మిన ధరో చెప్పండి చూద్దాం. పన్నెండు నెలలు కలిపి కలియబెట్టిన పులుసు అది.

రెండో తిరకాసు. ఆ సగటులో కాయా ఉంది, పొడీ ఉంది, గింజతో ఉన్న ముక్కా ఉంది. పొడి ధర విడిగా కావాలంటే కస్టమ్స్ కోడ్ చూసుకోవాలి. కాయ మిరప 0904 21, నలిపినది గానీ పొడి గానీ అయితే 0904 22. మిరియాలు 0904 11, మిరియాల పొడి 0904 12. ధనియాలు 0909 21, పొడి 0909 22. జీలకర్ర 0909 31, పొడి 0909 32. పసుపు 0910 30, మనవాళ్ళు దాన్ని ఇంకా చీల్చి పచ్చిది, ఎండుది, పొడి అని మూడు చేశారు. కలిపిన మసాలా 0910 91. వాణిజ్య శాఖ వాళ్ళ ఎగుమతి దిగుమతి లెక్కల్లో ఈ కోడ్ కొట్టి, దేశాలవారీగా విలువని బరువుతో భాగించుకుంటే కొంత నిజం దొరుకుతుంది. దేశాలవారీగా అని ఎందుకంటున్నానంటే, అమెరికాకి వెళ్ళే పొడీ బంగ్లాదేశ్‌కి వెళ్ళే పొడీ ఒకే కోడ్ కింద ఉన్నా ఒకే సరుకు కాదు. ఒకటి ఆవిరి పట్టి, పరీక్షలు చేయించి, రంగు కొలిచి పంపింది కావచ్చు, ఇంకోటి తాలుకాయ ఆడించింది కావచ్చు. అందుకే ఒక్కోసారి పట్టికలో పొడి ధర కాయ కన్నా తక్కువ కనపడితే కంగారు పడక్కర్లేదు. నికార్సైన ఎర్రకాయ కాయగానే అమ్ముడుపోతుంది, మచ్చపడిందీ తెల్లబడిందీ మిల్లుకొస్తుంది. ఇది యార్డులో హమాలీని అడిగినా చెబుతాడు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. మన ఎగుమతి ధరలు రాసేది ఎఫ్‌ఓబీ లెక్కలో, అంటే ఓడ ఎక్కించే వరకు. దిగుమతి ధరలు రాసేది సీఐఎఫ్ లెక్కలో, అంటే ఓడ కిరాయి, బీమా కలిపి మన రేవుకి చేరే వరకు. కాబట్టి "మనం ఇంతకి అమ్ముతున్నాం, అంతకి కొంటున్నాం" అని పక్కపక్కన పెట్టి తిట్టుకోవడం సరైన లెక్క కాదు. అలాగే మీకు కువైట్ నుంచి ఎవరైనా ధర చెబితే మొట్టమొదట అడగాల్సింది ఎక్కడిదాకా అని. విశాఖ రేవు దాకానా, వాళ్ళ గిడ్డంగి గుమ్మం దాకానా? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా సరే అన్నవాళ్ళు లాభమంతా ఓడవాడికి కట్టిన సందర్భాలు నాకు తెలుసు.

సరే, ఇప్పుడు కాయ పంపడమా, పొడి పంపడమా?

మావాడి 120నే తీసుకుని లెక్క వేద్దాం. ఇవి మా మిల్లు అనుభవంలో ఉజ్జాయింపు అంకెలు, మీ దగ్గర అటూ ఇటూ ఉంటాయి. 100 కిలోల కాయ 12,000. దలాలీ, హమాలీ, లారీ కలిపి తణుకు చేరేసరికి ఇంకో 500. తొడిమలు తీస్తే 6 కిలోలు పోతాయి, తాలూ దుమ్మూ 3, ఆరబెట్టి ఆడించడంలో ఇంకో 3. చేతికొచ్చేది 88 కిలోల పొడి, అంటే సరుకు ఖర్చే కిలోకి 142 అయ్యింది. తొడిమలు తీసే ఆడవాళ్ళ కూలి పొడి మీద 7, కరెంటూ మిల్లు మనిషీ 6, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న సంచులు 3. అక్కడికి 158. రెండు టన్నులు పంపుతున్నామనుకుంటే పరీక్షలకి కిలోకి 6, విశాఖ దాకా రవాణా, కస్టమ్స్ ఏజెంటు, రేవు ఖర్చులు కలిపి 12. మూడు నెలలు డబ్బు ఇరుక్కుంటుంది కాబట్టి వడ్డీ 5. మొత్తం 181. పోయిన సీజన్లో నన్ను గల్ఫ్ వాళ్ళు అడిగిన ధరలు 175 నుంచి 185. మావాడి 80 రూపాయలు కాస్తా 4 రూపాయలయ్యాయి, అదీ పై ధర వస్తేనే.

అదే నిండు కంటైనర్ అయితే పరీక్షలు, రేవు ఖర్చులు పరుచుకుపోయి 18 కాస్తా 6కో 7కో దిగుతాయి, అప్పుడు 15 రూపాయలు మిగులుతుంది, అది వ్యాపారం. కాబట్టి పొడి ఎగుమతిలో గెలిచేది ఎక్కువ ధర తెచ్చుకున్నవాడి కంటే ఎక్కువ బరువు ఒకేసారి కదిలించగలిగినవాడు. కాయ మిరప కంటైనర్లో చోటు తినేస్తుంది, నిండిపోయినా బరువు తూగదు, పొడి అలా కాదు. ఆ ఒక్క విషయంలో పొడిదే పైచేయి. కానీ కాయ ఎగుమతి మన డెల్టా నుంచి అసలు పెట్టుకోవద్దంటాను నేను. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర కూర్చుని తేజ చైనాకి ఎక్కించేవాళ్ళతో పోటీపడి, కాయని మూడు గంటలు ఇటు తెచ్చి మళ్ళీ రేవుకి తోలడం దేనికి?

పొడి చేశాక ఇంకో బెంగ మొదలవుతుంది, చెమ్మ. మన గాలి సంగతి తెలిసిందే, జూలై నుంచి అక్టోబరు దాకా ఉప్పు జాడీ మూత తీస్తే నీరు కారుతుంది. నేను మూడు టన్నులు ఆడించింది సరిగ్గా ఆగస్టులో. మధ్యవర్తి ఎగుమతిదారు ఒకాయనకి వేశాను, పేరెందుకులెండి. అక్కడ చెమ్మ 12 శాతం వచ్చిందని ధర కోశాడు, మిగిలింది అయిదు నెలలకి ఇచ్చాడు. ఆయన తప్పెంతో నా తప్పెంతో ఇప్పటికీ తేల్చుకోలేను, ఎందుకంటే నేను చెమ్మ కొలిచే మిషను కొన్నది ఆ తర్వాతే. ఇప్పుడు ఎగుమతి సరుకు ఫిబ్రవరి నుంచి మే లోపే ఆడిస్తాను. ఆ రోజుల్లో కొత్త కాయ వస్తుంది, ఎండ ఉంటుంది. ఎండాకాలం మధ్యలో గుంటూరు యార్డు నెల రోజుల పాటు సెలవులు ఇస్తుంది కాబట్టి అంతకుముందే కొనేసుకోవాలి.

ఏ పొడి అన్నదానికి నా ఓటు పసుపుకి. కారం కన్నా కిలో ధర తక్కువే ఉండొచ్చు గానీ, తలనొప్పులు తక్కువ. తొడిమ గొడవ లేదు, కొమ్ము గట్టిది కాబట్టి మిల్లు బ్లేడ్లు అరుగుతాయి అంతే. దుగ్గిరాల పసుపు యార్డు మనకి దగ్గర్లోనే, పాడేరు ఏజెన్సీ పసుపు ఇంకోవైపు. కొనేవాడు అడిగేది కుర్కుమిన్ శాతం, అంటే పసుపుకి రంగునిచ్చేది, అది కొమ్ముల్ని ముందే పరీక్ష చేయించి తెలుసుకోవచ్చు. కారంలో మాత్రం రంగు వేరు, ఘాటు వేరు, రెండూ కొలుస్తారు. తేజలో ఘాటెక్కువ, బ్యాడిగిలో రంగెక్కువ, ఘాటు తక్కువ, రెంటినీ కలిపి కొనేవాడి నోటికి సరిపడేలా చెయ్యడం ఒక విద్య. గింజ మొత్తం కలిపి ఆడిస్తే తూకం వస్తుంది, రంగు పోతుంది. నిలవుంటే ఉన్న రంగూ పోతుంది. దానికి తోడు 2003లో ఫ్రాన్స్‌లో మన కారంలో తిండిలో వాడకూడని సుడాన్ రంగు దొరికిన దగ్గర్నుంచి మిరప సరుకు మీద చూపే వేరు. మసాలా దినుసుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి చేసింది, వాళ్ళ ల్యాబ్ గుంటూరులోనే ఉండటం మనకి అదృష్టం. యూరప్ వాడైతే అఫ్లటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, అందులో బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10 దాటితే సరుకు దింపుకోడు. తడి నేల మీద ఆరబెట్టిన కాయలో పట్టిన బూజు కంటికి కనపడదు, రిపోర్టులో కనపడుతుంది. మొదటిసారి వాళ్ళు యూరప్ జోలికి వెళ్ళకండి. నామాట వినండి.

మసాలా మిశ్రమాలు కిలో ధరలో అన్నిటికన్నా పైన ఉంటాయి, అది చూసి చాలామందికి నోరూరుతుంది. కానీ పది దినుసులు కలిపితే పది దినుసుల పాపాలూ మీ ఖాతాలోకే వస్తాయి. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ మన దేశపు మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని పట్టుకున్నప్పుడు పెద్ద పెద్దవాళ్ళకే చెమటలు పట్టాయి. ఆ వాయువుని క్రిములు చంపడానికి వాడతారు, యూరప్ మసాలా దినుసుల్లో కిలోకి 0.1 మిల్లీగ్రాము మించి ఒప్పుకోదు. దాని బదులు ఆవిరితో శుద్ధి చేయించుకోవచ్చు, ఖర్చు ఎక్కువ. ఇంకో చిన్నమాట, మన కందిపొడిని మసాలా కోడ్ కింద వెయ్యకండి, అందులో ఉన్నది పప్పు, మసాలా దినుసులుండే కస్టమ్స్ పట్టిక 9వ అధ్యాయంలోకి రాదు. రాజోలు దగ్గర ఒకావిడ ఇలాగే వేసి బిల్లు మళ్ళీ రాయించుకోవాల్సి వచ్చింది.

ఇక అమ్మే దారి. సొంతంగా ఎగుమతి చెయ్యడానికి కాగితాలు మరీ భయపెట్టేవి కావు: ఎగుమతి దిగుమతులు చేసేవాళ్ళకిచ్చే ఐఈసీ కోడ్‌కి ఫీజు 500 రూపాయలే, స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు, ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సెంట్రల్ లైసెన్సు, జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం. ఒక ఆడిటరు, ఒక నెల ఓపిక చాలు. టెన్షన్ అంతా డబ్బు రావడం దగ్గరే. ముఖం తెలియని కొనుగోలుదారుకి అరువు మీద పంపకండి. ముప్పయి శాతం ముందు తీసుకుని మిగిలింది సరుకు కాగితాలు బ్యాంకు ద్వారా ఇచ్చేటప్పుడు రాబట్టుకోండి, లేదా ఎల్‌సీ, అంటే కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ, అడగండి. పరిచయం పెరిగి అరువు ఇవ్వాల్సి వస్తే, డబ్బు రాకపోతే ఆదుకునే ఈసీజీసీ బీమా ఉంది, ప్రీమియం కట్టడానికి మనసొప్పదు గానీ కట్టాలి. గల్ఫ్‌కి అయితే అరబిక్ లేబులూ, తయారీ తేదీ, గడువు తేదీ తప్పనిసరి. "మా బావ అక్కడ సూపర్ మార్కెట్లో పనిచేస్తాడు, వాడు చూసుకుంటాడు" అనే మాట మీద నేను సరుకు పంపను. బావ మంచోడే, కానీ సరుకు ఆగిపోతే సంతకం పెట్టాల్సింది బావ యజమాని.

మధ్యవర్తి ఎగుమతిదారుకి వెయ్యడం రెండో దారి. కిలోకి రెండు మూడు రూపాయలు తక్కువ వస్తుంది, రేవు గొడవ ఉండదు. నిబంధనలు పాటించి 90 రోజుల్లో ఎగుమతి చేసేట్టయితే ఆయన మీ దగ్గర 0.1 శాతం జీఎస్టీకే కొనొచ్చు, అప్పుడు మీరు ముందే కట్టిన పన్ను వాపసు కోసం తిరగాలి, అది మీ చేతి డబ్బులో ఇరుక్కునే ఇంకో ముక్క. ధర మాట్లాడేటప్పుడు దీన్ని కూడా కలుపుకోండి. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు తప్పక చేయించండి. చిన్న తయారీదారుకి గడువులోపు (రాసుకున్న ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15) డబ్బివ్వకపోతే కొన్నవాడు దాన్ని ఆదాయపన్నులో ఖర్చు కింద చూపించుకోగలిగేది డబ్బిచ్చిన ఏడాదిలోనే, 2024 ఏప్రిల్‌లో ఈ రూలు వచ్చాక మార్చి నెలాఖర్లో ఫోన్లు కొన్నవాళ్ళే చేస్తున్నారు. నా అయిదు నెలల నిరీక్షణ అప్పట్లో ఈ రూలు లేకే.

మూడోది ఇక్కడే అమ్మడం, దాన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ కారానికి మా మిల్లు ముందు క్యూ ఉంటుంది, అక్కడికక్కడ డబ్బు, పరీక్ష మీ నాలుక. కొట్లకి వేసేది కిలో 210, 45 రోజుల అరువు. సొంత పొట్లం కట్టి అమ్మితే 260 పైన. పై లెక్కలో మిల్లు గుమ్మం దాకా 158 పడ్డ పొడే ఇది. పొట్లం ఖర్చూ, తిరిగొచ్చే సరుకూ, పండక్కి కొట్టువాడికిచ్చే డబ్బాలూ అన్నీ పోను కూడా రెండు టన్నుల ఎగుమతి కన్నా ఇదే నయం. నెలకి అయిదారు టన్నుల లోపు ఆడించే మిల్లుకి నా సలహా ఒక్కటే: ఇంట్లో ఖర్చులు వెళ్ళేది ఇక్కడి అమ్మకంతో, ఎండాకాలం మిగులు సామర్థ్యం మధ్యవర్తికి, సొంత ఎగుమతి మాత్రం నిండు కంటైనర్‌కి ఇద్దరు ముగ్గురు మిల్లుల వాళ్ళు కలిసినప్పుడే. చుట్టాలకి పాతిక కిలోలు పంపాలంటే పోస్టాఫీసు ఎగుమతి కేంద్రాలున్నాయి, కంటైనర్ మాటెందుకు.

దిగుమతి వైపు కూడా ఒక మాట, ఎందుకంటే గరం మసాలా చేసేవాళ్ళకి తెలియకుండానే దిగుమతి ధరలు తగులుతుంటాయి. లవంగాలు మడగాస్కర్, టాంజానియా వైపు నుంచి, చెక్క వియత్నాం, చైనా, ఇండోనేసియా నుంచి, అనాసపువ్వు వియత్నాం నుంచి. వీటిలో మనకి ఇక్కడ పెద్దగా ప్రత్యామ్నాయం లేదు, డాలరు పెరిగితే కొనాల్సిందే. ఎప్పుడూ దినుసుగానే కొనండి, దిగుమతైన పొడి చవగ్గా దొరికినా వద్దు. పొడయ్యాక అందులో ఏముందో కంటితో చూసి చెప్పలేరు.

మిరియాల దగ్గరే అసలు పోలిక. వియత్నాం మిరియం చవకంట కదా అని అడుగుతుంటారు. మామూలు దారిలో సుంకం 70 శాతం, పైగా 2017 డిసెంబరులో కిలో 500 కనీస దిగుమతి ధర పెట్టారు. 500కి 350 సుంకం, దాని మీద 35 సర్‌చార్జి, 885 మీద 5 శాతం జీఎస్టీ, 929 అవుతుంది. జీఎస్టీ తిరిగొచ్చినా 885. ఆగ్నేయాసియా దేశాలతో ఉన్న ఆసియాన్ ఒప్పందం కింద కొంత తగ్గుతుంది, శ్రీలంక నుంచి ఏడాదికి 2,500 టన్నులు సుంకం లేకుండా రావొచ్చు, కానీ ఆ కోటా మనలాంటి వాళ్ళ దాకా రాదు. మరి బజార్లో వియత్నాం మిరియం అని 550కి ఇస్తానంటే అది ఏ దారిన వచ్చిందో మీరే ఆలోచించుకోండి. ఎగుమతి కోసమే పొడి చేసేవాళ్ళు అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, కానీ ఉత్తినే ఏరి సంచి మార్చి పంపితే ఒప్పుకోరు, నలపడమో పొడి చెయ్యడమో జరగాలి, విలువ కనీసం 25 శాతం పెరగాలి. పెద్దవాళ్ళ ఆట అది. మనకి అరకు, పాడేరు కాఫీ తోటల మిరియం దగ్గర్లోనే ఉంది, కోనసీమలో కొబ్బరి చెట్లకి పాకించినవాళ్ళూ ఉన్నారు. నూనె బాగా ఉన్న మిరియం, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన మిరియం. నేను రెండేళ్ళుగా అదే కొంటున్నాను, అంబాజీపేట వైపు ఒక రైతు దగ్గర జాజికాయ కూడా.

నిలవ పెట్టి ధర పెరిగాక అమ్ముదామనే ఆలోచన ఉంటే జీలకర్ర గుర్తుచేసుకోండి. 2023లో గుజరాత్ ఉంఝా యార్డులో క్వింటా 60 వేలు దాటింది, మరుసటి ఏడాదికి సగం కన్నా కిందకి వచ్చింది. 55 వేలకి కొని పెట్టుకున్న పాలకొల్లు వ్యాపారి ఒకాయన ఇప్పటికీ జీలకర్ర పేరెత్తితే మజ్జిగలో కూడా వద్దంటాడు.

మావాడు అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే కారం వద్దంటావా?" అన్నాడు. వద్దనలేదురా, ఫిబ్రవరి దాకా ఆగమన్నాను. ఈలోపు 200 కిలోల పసుపు కొమ్ములు ఆడించి చూస్తానన్నాడు, నమూనా పరీక్షకి ఎంతవుతుందో అడిగాడు. గురువారం ఇద్దరం దుగ్గిరాల వెళ్తున్నాం, చెమ్మ మిషను నాదే తీసుకెళ్తున్నాం.